రేక్‌తో అన్నీ నడుస్తాయి, ఒక్క రూబీ టెస్ట్ ఫైల్‌ను విడిగా నడిపితే లోడ్ ఎర్రర్ ఎందుకు వస్తుంది?

పర్లాకిమిడి నుంచి అడిగిన మిత్రుల ప్రశ్న క్లుప్తంగా ఇది. కొట్టు బిల్లుల కోసం రాసుకున్న ఒక చిన్న రూబీ ప్రోగ్రాంలో `రేక్ టెస్ట్` అని కొడితే (రేక్ అంటే రేక్‌ఫైల్‌లో రాసిపెట్టిన పనులను నడిపే రూబీ సాధనం) టెస్టులన్నీ సజావుగా నడుస్తున్నాయి. అందులో పన్ను లెక్కకు సంబంధించిన ఒక్క ఫైల్‌ను `రూబీ టెస్ట్/పన్ను_టెస్ట్.ఆర్‌బీ` అని విడిగా నడిపితే మాత్రం "కెనాట్ లోడ్ సచ్ ఫైల్ -- టెస్ట్_హెల్పర్" అంటూ లోడ్ ఎర్రర్ చూపించి ఆగిపోతోంది. చూడబోతే ఆ టెస్ట్_హెల్పర్ ఫైల్ అదే టెస్ట్ ఫోల్డర్‌లో కళ్లెదుటే ఉంది. దీన్ని సరిచేయడం ఎలా, పనిలో పనిగా ఆ ఫైల్‌లోని ఒకే ఒక్క టెస్టును నడపడం ఎలా అని ఆయన అడిగారు. బరంపురంలో ఉంటూ విశాఖలోనూ భువనేశ్వర్‌లోనూ ఉన్న సంస్థలకు చాలాకాలంగా రూబీ పనే చేస్తున్నాను కాబట్టి, ఈ తికమక నాకు కొత్తగా చేరే ప్రతి కుర్రవాడి దగ్గరా ఎదురవుతూనే ఉంటుంది.

సూటి జవాబు. రేక్‌ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోకి, అంటే ప్రాజెక్టు మొదటి ఫోల్డర్‌లోకి వెళ్లి ఇలా నడపండి:

`రూబీ -ఐ లిబ్ -ఐ టెస్ట్ టెస్ట్/పన్ను_టెస్ట్.ఆర్‌బీ`

ప్రాజెక్టులో జెమ్‌ఫైల్ (కావలసిన జెమ్‌ల, అంటే రూబీ లైబ్రరీ ప్యాకేజీల, జాబితా) ఉంటే దీనికి ముందు `బండిల్ ఎగ్జెక్` చేర్చండి. కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో చెబుతున్నాను గానీ టెర్మినల్‌లో అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. హైఫన్ తర్వాత వచ్చే ఐ తప్పనిసరిగా పెద్దక్షరం కావాలి. చిన్నక్షరం ఐకి రూబీలో పూర్తిగా వేరే అర్థం ఉంది. ఫైళ్లను ఉన్నచోటనే మార్చే పనికి వాడే ఆప్షన్ అది. చిన్నక్షరం కొడితే రూబీ పక్కనున్న లిబ్‌నే నడపాల్సిన ఫైల్ అనుకుంటుంది, అది ఫోల్డర్ కాబట్టి వేరే ఎర్రర్ ఇస్తుంది, దాంతో ఈ ఉపాయం పనిచేయదని మీరు అనుకుంటారు.

ఇక కారణం. `రిక్వైర్ "టెస్ట్_హెల్పర్"` అని రాసినప్పుడు రూబీ ఆ వాక్యం ఉన్న ఫైల్ పక్కన వెతకదు. లోడ్ పాత్ అనే ఫోల్డర్ల జాబితా ఒకటి ఉంటుంది, దాన్నే వరుసగా గాలిస్తుంది. అందులో దొరకకపోతే ఇన్‌స్టాల్ చేసి ఉన్న జెమ్‌లలో చూస్తుంది. అక్కడా లేకపోతే లోడ్ ఎర్రర్ ఇస్తుంది. ఫైల్ పక్కనే ఉన్నా దొరకకపోవడానికి కారణం ఇంతే. మీ జాబితాలో ఏముందో `రూబీ -ఈ 'పుట్స్ $లోడ్_పాత్'` అని కొట్టి చూసుకోవచ్చు (ఇక్కడ ఈ చిన్నక్షరం, లోడ్ పాత్ మాత్రం మొత్తం పెద్దక్షరాలు). రూబీతో వచ్చిన ఫోల్డర్లు వరుసగా కనిపిస్తాయి తప్ప మీ ప్రాజెక్టు ఊసే అందులో ఉండదు. అదే కమాండ్‌కు `-ఐ టెస్ట్` చేర్చి మళ్లీ కొడితే, మీ టెస్ట్ ఫోల్డర్ పూర్తి చిరునామాతో జాబితా మొట్టమొదటి వరుసలో కూర్చుంటుంది. ఈ రెండింటినీ ఒకసారి పక్కపక్కన పెట్టి చూసినవారికి నేను ఇంకేమీ వివరించాల్సిన పని ఉండదు.

మరి రేక్‌తో ఎందుకు నడిచింది? మీ రేక్‌ఫైల్ తెరిచి చూడండి. టెస్ట్ టాస్క్ లోపల `టీ.లిబ్స్ << "టెస్ట్"` అనే వరుస ఒకటి ఉంటుంది. రేక్ తనంతట తానుగా లిబ్ ఫోల్డర్‌ను జాబితాలో పెడుతుంది, టెస్ట్ ఫోల్డర్‌ను ఆ వరుస పెడుతుంది. అంటే మీరు చేయాల్సిన పనిని రేక్ మీ తరఫున చేస్తోంది. నేరుగా రూబీని పిలిచినప్పుడు ఆ పని మీ మీద పడుతుంది. రేక్‌నే వాడుతూ ఒక్క ఫైల్‌ను నడపాలంటే `రేక్ టెస్ట్ టెస్ట్=టెస్ట్/పన్ను_టెస్ట్.ఆర్‌బీ` అని కొట్టవచ్చు. సమానం గుర్తుకు ఎడమవైపున ఉన్న టెస్ట్ మొత్తం పెద్దక్షరాల్లో ఉండాలి. గుర్తుపెట్టుకోవడానికి ఇదే తేలిక అనేవారు ఉన్నారు, నాకు అభ్యంతరం లేదు.

పాత పుస్తకాలు, పాత వీడియోలు చూసి నేర్చుకున్నవారికి ఇంకొక చిక్కు ఉంటుంది. ఒకప్పుడు రూబీ తన జాబితా చివర్లో చుక్కను, అంటే మీరు నిలుచున్న ఫోల్డర్‌ను, తానే చేర్చుకునేది. 2010లో వచ్చిన రూబీ 1.9.2లో దాన్ని తీసేశారు. మీరు ఏ ఫోల్డర్‌లో ఉంటే అందులోని ఫైల్‌ను ప్రోగ్రాం నమ్మి లోడ్ చేసుకోవడం భద్రతకు మంచిది కాదు, ఆ పేరుతో ఎవరో పెట్టిన ఫైల్ కూడా అలాగే లోపలికి వచ్చేస్తుంది. కాబట్టి "ఆ పుస్తకంలో నడిచింది, నా దగ్గర నడవడం లేదేం" అనే సందేహానికి జవాబు సాధారణంగా ఆ పుస్తకం వయసులోనే ఉంటుంది.

ప్రతిసారీ `-ఐ` కొట్టడం విసుగు అనిపిస్తే టెస్ట్ ఫైల్ మొదటి వరుసనే మార్చవచ్చు: `రిక్వైర్_రిలేటివ్ "టెస్ట్_హెల్పర్"`. ఇది లోడ్ పాత్‌ను పట్టించుకోదు, తాను రాసి ఉన్న ఫైల్ పక్కనే వెతుకుతుంది. మీరు ఏ ఫోల్డర్‌లో నిలబడి నడిపినా, ఎడిటర్‌లోని రన్ బటన్ నొక్కినా ఇది పనిచేస్తుంది. టెస్ట్‌లో లోపలి ఫోల్డర్లు ఉంటే `"../టెస్ట్_హెల్పర్"` అని ఒక మెట్టు పైకి చూపించాలి; ఫైల్‌ను ఒక ఫోల్డర్ నుంచి ఇంకొక దానికి మారిస్తే ఆ చుక్కలను సరిచేయాలి. కష్టమల్లా ఇంతే.

దీనికి బదులుగా `రిక్వైర్ "./టెస్ట్_హెల్పర్"` అని చుక్కా గీతా పెట్టి రాయమని చెప్పేవారు కనిపిస్తారు. దయచేసి అలా రాయకండి. ఆ చుక్క ఫైల్ ఉన్న చోటును సూచించదు, మీరు నిలుచున్న చోటును సూచిస్తుంది. టెస్ట్ ఫోల్డర్‌లోకి వెళ్లి నడిపితే పనిచేస్తుంది, బయటికి రాగానే చెడుతుంది, రేక్ బయటి నుంచే నడుపుతుంది కాబట్టి నిన్నటివరకు నడిచినది కూడా పాడవుతుంది.

నా అభిప్రాయం అడిగితే, మీలాగా సొంతానికి రాసుకున్న చిన్న ప్రోగ్రాంలో రిక్వైర్_రిలేటివ్ వాడడమే హాయి. నలుగురు కలిసి పనిచేసే చోట, జెమ్ తయారుచేసే చోట ఉన్న అలవాటును మార్చకుండా `-ఐ` వాడడం మర్యాద. బండ్లర్‌తో (జెమ్‌ఫైల్ ప్రకారం జెమ్‌లను చూసుకునే సాధనం, `బండిల్` కమాండ్ దానిదే) కొత్త జెమ్ మొదలుపెట్టి మినిటెస్ట్ (టెస్టులు రాసే లైబ్రరీ) ఎంచుకుంటే అది ఇచ్చే టెస్ట్_హెల్పర్ మొదటి వరుసలోనే లిబ్ ఫోల్డర్‌ను లోడ్ పాత్‌కు చేర్చే ఏర్పాటు ఉంటుంది. అలాంటి చోట `-ఐ టెస్ట్` ఒక్కటి చాలు, లిబ్ సంగతి హెల్పర్ చూసుకుంటుంది. మీ హెల్పర్‌లో అది లేకపోతే ఈ వరుస చేర్చుకోండి: `$లోడ్_పాత్.అన్‌షిఫ్ట్ ఫైల్.ఎక్స్‌పాండ్_పాత్("../లిబ్", __డిర్__)`. రూబీలిబ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో టెస్ట్, లిబ్ రాసి బ్యాష్ సెట్టింగుల్లో శాశ్వతంగా పెట్టుకోమనే సలహా కూడా వింటుంటాను. అది ఒక్క ప్రాజెక్టుతో ఆగదు, ఆ కంప్యూటర్‌లో మీరు నడిపే ప్రతి రూబీ ప్రోగ్రాం మీదా పనిచేస్తుంది. ఆరు నెలల తర్వాత ఎక్కడో తప్పు ఫైల్ లోడ్ అయినప్పుడు దీని మీదికి ఎవరికీ అనుమానం పోదు.

హెల్పర్ దొరికాక వచ్చే రెండో ఎర్రర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే చాలామంది `-ఐ` చేర్చి, హెల్పర్ లోడ్ అయ్యాక, ఈసారి ఇంకేదో తప్పు వచ్చిందని చూసి మళ్లీ రేక్‌కే తిరిగిపోతారు. ఆ రెండో తప్పు అసలు విలువైనది.

మీ పన్ను ఫైల్‌నే తీసుకుందాం. మీ కొట్టు పర్లాకిమిడిలో ఉంది, అంటే ఒడిశా, జీఎస్టీలో రాష్ట్ర కోడ్ 21. సరుకు కాశీనగర్ వెళ్తే అది రాష్ట్రం లోపలి అమ్మకం, సీజీఎస్టీ సగం, ఎస్‌జీఎస్టీ సగం. అదే సరుకు పక్కనే ఉన్న పాతపట్నం వెళ్తే అది ఆంధ్రప్రదేశ్, కోడ్ 37, మొత్తం ఐజీఎస్టీ కిందికి వస్తుంది. పైసల లెక్క తేడా రాకూడదని మీరు ఫ్లోట్ బదులు దశాంశాలను కచ్చితంగా ఉంచే బిగ్‌డెసిమల్ వాడి, ధరను `"1249.50".టు_డీ` అని రాశారనుకోండి. ఈ టు_డీ అనేది స్ట్రింగ్‌కు పుట్టుకతో వచ్చినది కాదు, `రిక్వైర్ "బిగ్‌డెసిమల్/యుటిల్"` అని రాస్తేనే వస్తుంది. ఆ వరుస మీ పన్ను ఫైల్‌లో లేదు, రసీదు ఫైల్‌లో ఉంది. రేక్‌తో నడిపినప్పుడు టెస్ట్ ఫైళ్లన్నీ ఒకే ప్రోగ్రాంలోకి లోడ్ అవుతాయి. మినిటెస్ట్ ఆటోరన్ అనేది ఫైళ్లన్నీ లోడ్ అయిన తర్వాత, ప్రోగ్రాం ముగిసే వేళకు టెస్టులను నడపడం మొదలుపెడుతుంది. అప్పటికి రసీదు ఫైల్ ఆ లైబ్రరీని తెచ్చేసి ఉంటుంది కనుక పన్ను ఫైల్‌కు లోటు తెలియదు. ఉమ్మడి వంటలో ఒకరు ఉప్పు వేస్తే అందరికీ సరిపోయినట్టు జరిగిపోతుంది. విడిగా నడిపిన నాడు మాత్రం "అన్‌డిఫైన్డ్ మెథడ్ టు_డీ" అని బయటపడుతుంది.

ఇది లోడ్ ఎర్రర్ కాదు, నో మెథడ్ ఎర్రర్. ఒక్కోసారి "అన్‌ఇనిషియలైజ్డ్ కాన్‌స్టంట్" అంటూ నేమ్ ఎర్రర్‌గా వస్తుంది. రూపం వేరైనా జబ్బు ఒక్కటే: ఫైల్ తనకు కావలసినదాన్ని తాను అడగకుండా ఇంకెవరో తెస్తారని ఊరుకుంది. దీనికి మందు టెస్ట్ ఫైల్‌లో కాదు, లిబ్‌లోని అసలు ఫైల్‌లో వేయాలి. పన్ను లెక్క రాసిన ఫైల్ తలభాగంలో ఆ రిక్వైర్ వరుస రాయండి. టెస్ట్ ఫైల్‌లో రాస్తే టెస్ట్ పచ్చగా కనిపిస్తుంది గానీ, రేపు ఇంకెవరైనా పన్ను ఫైల్ ఒక్కదాన్నే తమ ప్రోగ్రాంలో వాడుకుంటే వారి దగ్గర అదే చోట విరుగుతుంది. తేదీని చదివే `టైమ్.పార్స్` కూడా ఇలాంటిదే, దానికి `రిక్వైర్ "టైమ్"` కావాలి. టైమ్ అనే క్లాస్ రూబీలో ముందే ఉంటుంది కాబట్టి పార్స్ కూడా ఉంటుందని అనుకోవడం సహజం.

ఇలాంటివి మీ ప్రాజెక్టులో ఇంకెన్ని దాగి ఉన్నాయో తెలుసుకోవాలంటే, ప్రతి టెస్ట్ ఫైల్‌నూ షెల్‌లో ఒక ఫర్ లూప్ పెట్టి ఒక్కొక్కటిగా విడిగా నడిపించి, పడిపోయిన వాటి పేర్లు రాయించుకోండి. ఈ మధ్యకాలపు మినిటెస్ట్ తనతోపాటు ఒక టెస్ట్ టాస్క్‌ను ఇస్తుంది. రేక్‌ఫైల్‌లో దాన్ని వాడుతుంటే `రేక్ టెస్ట్:ఐసొలేటెడ్` అనే కమాండ్ ఈ పనే చేసిపెడుతుంది. నేను ఏ పాత ప్రాజెక్టు చేతికి వచ్చినా మొదటి రోజున ఈ పని చేస్తాను, దాంతో ఆ కోడ్ ఎంత శుభ్రంగా ఉందో చాలావరకు తెలిసిపోతుంది.

ఫర్ లూప్ అవసరమా, నక్షత్రం గుర్తు పెట్టి `రూబీ -ఐ టెస్ట్ టెస్ట్/*_టెస్ట్.ఆర్‌బీ` అంటే సరిపోదా అని మీరు అడగవచ్చు. సరిపోదు, పైగా మోసపోతారు. షెల్ ఆ నక్షత్రాన్ని ఫైళ్ల పేర్లుగా విప్పి ఇస్తుంది, రూబీ వాటిలో మొదటి ఫైల్‌ను మాత్రమే ప్రోగ్రాంగా నడుపుతుంది, మిగిలిన పేర్లన్నీ ఆ ప్రోగ్రాంకు ఇచ్చిన ఆర్గ్యుమెంట్లుగా మిగిలిపోతాయి. చివర్లో తప్పులేవీ లేవని చూసి అన్నీ నడిచాయని సంతోషించే ప్రమాదం ఉంది. కింద కనిపించే పరుగుల (రన్స్) సంఖ్యను చూసే అలవాటు ఉంటే ఇది వెంటనే పట్టుబడుతుంది.

ఎర్రర్‌ను ఎక్కడ చదవాలి. లోడ్ ఎర్రర్ వచ్చినప్పుడు మొదట కనిపించే ఒకటి రెండు వరుసల్లో రూబీజెమ్స్ లోపలి ఫైళ్ల పేర్లు, కెర్నల్_రిక్వైర్ లాంటివి, ఉంటాయి. అవి మీవి కావు, వాటి జోలికి పోవద్దు. కిందికి దిగుతూ మీ ప్రాజెక్టు ఫోల్డర్ పేరుతో మొదట కనిపించే వరుస దగ్గర ఆగండి. రిక్వైర్ అడిగినది అక్కడే, ఆ వరుస సంఖ్యతో సహా. తర్వాత రెండు హైఫన్ల పక్కన ఉన్న పేరు చూడండి. చికిత్స ఆ పేరును బట్టి మారుతుంది.

ఆ పేరు టెస్ట్_హెల్పర్ అయితే పైన చెప్పినదే. మీ లిబ్‌లోని ఫైల్ పేరైతే `-ఐ లిబ్` మరిచిపోయారు. మినిటెస్ట్/ఆటోరన్ లేదా టెస్ట్/యూనిట్ అయితే లోడ్ పాత్‌ది తప్పు కాదు, ఆ జెమ్ లేదన్నమాట. రూబీ 2.2 నుంచి ఇవి రెండూ రూబీతో పాటు అందించే జెమ్‌లుగా ఉన్నాయి, లైబ్రరీలో కలిసిపోయినవి కావు. లినక్స్ పంపిణీలు కొన్ని వీటిని వేరే ప్యాకేజీలుగా విడదీస్తాయి. జెమ్‌ఫైల్ ఉన్న ప్రాజెక్టులో అయితే అందులో పేరు రాయకపోతే బండ్లర్ వాటిని కనిపించనివ్వదు. పేరు చివర నేటివ్ అని గానీ, సీలో రాసిన ఎక్స్‌టెన్షన్ పేరు గానీ ఉంటే రూబీ వెర్షన్ మారిన తర్వాత ఆ జెమ్‌ను మళ్లీ కట్టలేదని ఎక్కువగా అర్థం. `జెమ్ ప్రిస్టీన్` అని దాని పేరు ఇచ్చి మళ్లీ కట్టించండి.

బండ్లర్ మాట వచ్చింది కాబట్టి ఈ మధ్య తరచుగా ఎదురవుతున్న ఒక సంగతి. 2024 డిసెంబరులో వచ్చిన రూబీ 3.4లో బిగ్‌డెసిమల్, సీఎస్‌వీ, బేస్64 వంటి కొన్ని లైబ్రరీలను డిఫాల్ట్ స్థానం నుంచి తప్పించి బండిల్డ్ జెమ్‌లుగా మార్చారు. దీని ఫలితం విడ్డూరంగా ఉంటుంది: `రూబీ -ఐ లిబ్ -ఐ టెస్ట్` అని నేరుగా నడిపితే టెస్ట్ నడుస్తుంది, దానికి ముందు `బండిల్ ఎగ్జెక్` చేరిస్తే "కెనాట్ లోడ్ సచ్ ఫైల్ -- బిగ్‌డెసిమల్" వస్తుంది. మీరు అడిగిన ప్రశ్నకు ఇది సరిగ్గా తిరగబడిన రూపం. జెమ్ కంప్యూటర్‌లో ఉంది, కానీ జెమ్‌ఫైల్‌లో పేరు లేదు కనుక బండ్లర్ తలుపు వేసేస్తుంది. జెమ్‌ఫైల్‌లో `జెమ్ "బిగ్‌డెసిమల్"` అని ఒక వరుస చేర్చి `బండిల్ ఇన్‌స్టాల్` చేయండి, సరిపోతుంది. 3.3 వాడుతున్నవారికి ఇదే విషయం హెచ్చరికగా ముందే కనిపిస్తుంది, దాన్ని చదవకుండా దాటేయకండి. మీరు వాడే ఇంకొక జెమ్ తన అవసరం కొద్దీ బిగ్‌డెసిమల్‌ను తెచ్చుకుంటూ ఉంటే మీకు ఎర్రర్ రాకపోవచ్చు. అయినా మీ ఫైల్ నేరుగా వాడుతున్నదాన్ని మీ జెమ్‌ఫైల్‌లో రాయడమే పద్ధతి.

"ఆల్రెడీ యాక్టివేటెడ్" అని మొదలై, జెమ్‌ఫైల్ వేరే వెర్షన్ అడుగుతోందని చెప్పే ఎర్రర్ కూడా లోడ్ ఎర్రర్ కుటుంబంలోదే. బండిల్ ఎగ్జెక్ లేకుండా రేక్‌ను పిలిచినప్పుడు ఎక్కువగా వస్తుంది. ముందు బండిల్ ఎగ్జెక్ పెట్టండి, పోతుంది.

పైకి లోడ్ ఎర్రర్‌లా కనిపించి కానివి రెండు ఉన్నాయి. "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటూ ఈనోఎంట్ అనే మాట కనిపిస్తే, అది రిక్వైర్ తప్పు కాదు. టెస్ట్‌లో ఏదో డేటా ఫైల్‌ను `ఫైల్.రీడ్("టెస్ట్/నమూనాలు/ఊళ్లు.జేసన్")` అని నిలుచున్న ఫోల్డర్‌ను బట్టి తెరిచారు. ఎడిటర్ బటన్ ద్వారా నడిపేవారికి ఇది తరచుగా తగులుతుంది, ఎందుకంటే చాలా ఎడిటర్లలో ఆ బటన్ ఏ ఫోల్డర్‌లో నిలబడుతుందో సెట్టింగును బట్టి ఉంటుంది. `ఫైల్.ఎక్స్‌పాండ్_పాత్("నమూనాలు/ఊళ్లు.జేసన్", __డిర్__)` అని ఫైల్ చోటును ఆధారం చేసుకుని రాస్తే ఎక్కడినుంచి నడిపినా దొరుకుతుంది. రెండోది మన ప్రాంతంలో పనిచేసేవారికి ముఖ్యమైనది. మన బిల్లుల్లో ఊళ్ల పేర్లు తెలుగులోనూ ఒడియాలోనూ ఉంటాయి కదా. భాషా సెట్టింగును చెప్పే లాంగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ విలువ సీ అని ఉన్న చోట, ముఖ్యంగా క్రాన్ (నిర్ణీత వేళకు కమాండ్లను నడిపేది) ద్వారా నడిపిన చోట, రూబీ బయటి ఫైళ్లను యూటీఎఫ్-8గా కాక యూఎస్ యాస్కీగా భావిస్తుంది. అప్పుడు "ఇన్‌వాలిడ్ బైట్ సీక్వెన్స్" అని వస్తుంది. ఫైల్ దొరికింది, చదవడమే చేతకాలేదు. చదివే చోటనే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పండి.

ఫైల్ పేర్ల విషయంలో ఒక అనుభవం చెబుతాను. ఒక కార్యాలయంలో కొందరు విండోస్ మీద, కొందరు ఉబుంటు లినక్స్ మీద పనిచేసేవారు. ఒకరి దగ్గర హాయిగా నడిచే టెస్ట్ పక్క బల్ల మీద "టెస్ట్_హెల్పర్ లేదు" అనేది. ఇద్దరూ ఒకే కమాండ్ కొడుతున్నారు, `-ఐ` కూడా ఉంది. టెర్మినల్‌లో `ఎల్‌ఎస్` కొట్టి చూస్తే ఫైల్ పేరులో మొదటి టీ పెద్దక్షరంగా ఉంది. విండోస్ పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూడకుండా తెరిచి ఇచ్చేస్తుంది, లినక్స్ చూస్తుంది. విండోస్‌లోనే పేరు మార్చి గిట్‌లో పెడదామంటే గిట్ ఒక్కోసారి ఆ మార్పును గుర్తించదు. `గిట్ ఎంవీ` ద్వారా పేరు మార్చి కమిట్ చేయండి. విండోస్ గురించే ఇంకొక ముక్క: `-ఐ`కి రెండు ఫోల్డర్లను కలిపి ఇచ్చేటప్పుడు లినక్స్‌లో మధ్యన కోలన్, విండోస్‌లో సెమీకోలన్ పెట్టాలి, పవర్‌షెల్‌లో ఆ సెమీకోలన్‌కు కోట్స్ కూడా కావాలి. ఈ గొడవంతా లేకుండా పైన నేను రాసినట్టు `-ఐ`ని రెండుసార్లు వేరుగా రాస్తే అన్నిచోట్లా నడుస్తుంది.

దీనికి ఎదురు తిరిగే జబ్బు కూడా ఉంది, ఫైల్ దొరకకపోవడం కాదు, తప్పు ఫైల్ దొరకడం. `-ఐ` ఇచ్చిన ఫోల్డర్ జాబితాలో అందరికంటే ముందు ఉంటుందని చెప్పాను. లిబ్‌లో మీరు డేట్.ఆర్‌బీ అనో, జేసన్.ఆర్‌బీ అనో సొంత ఫైల్ పెట్టుకున్నారంటే, ఎవరు `రిక్వైర్ "డేట్"` అన్నా రూబీవారి డేట్ బదులు మీదే లోడ్ అవుతుంది, ఆపైన డేట్ క్లాసే లేదంటూ ఎక్కడో దూరాన ఎర్రర్ వస్తుంది. అందుకే సొంత ఫైళ్లను ప్రాజెక్టు పేరుతో ఉన్న లోపలి ఫోల్డర్‌లో, లిబ్/కొట్టు/డేట్ అన్నట్టుగా పెట్టుకోవాలి.

రెయిల్స్ (రూబీలో వెబ్‌సైట్లు కట్టే చట్రం) వాడేవారికి ఈ బాధ తక్కువ. రెయిల్స్ 5 నుంచి `బిన్/రెయిల్స్ టెస్ట్ టెస్ట్/మోడల్స్/బిల్లు_టెస్ట్.ఆర్‌బీ` అంటే లోడ్ పాత్ సంగతి అదే చూసుకుంటుంది. పేరు చివర కోలన్ పెట్టి వరుస సంఖ్య ఇస్తే ఆ వరుసలో ఉన్న టెస్ట్ ఒక్కటే నడుస్తుంది. ఆర్‌స్పెక్ (ఇంకొక టెస్ట్ లైబ్రరీ) కూడా లిబ్‌ను, స్పెక్‌ను తానే చేర్చుకుంటుంది.

ఇక మీ రెండో ప్రశ్న, ఫైల్‌లోని ఒక్క టెస్టునే నడపడం. మీ దగ్గర ఉన్నది మినిటెస్ట్ అయితే ఫైల్ పేరు తర్వాత `-ఎన్` ఆప్షన్ ఇచ్చి, టెస్ట్ మెథడ్ పూర్తి పేరు గానీ, రెండు గీతల మధ్య పేరులోని ముక్క గానీ రాయండి:

`రూబీ -ఐ లిబ్ -ఐ టెస్ట్ టెస్ట్/పన్ను_టెస్ట్.ఆర్‌బీ -ఎన్ /ఐజీఎస్టీ/`

ఇక్కడ ఎన్ చిన్నక్షరం. `-ఎన్` స్థానం ముఖ్యం, ఫైల్ పేరుకు ముందు రాస్తే అది మినిటెస్ట్‌కు కాదు, రూబీకే చేరుతుంది, అక్కడ దానికి వేరే అర్థం. రేక్ ద్వారా అయితే టెస్ట్ఆప్ట్స్ అనే పేరుకు సమానంగా కోట్స్‌లో ఇదే ఇవ్వాలి. పేరు ఏ టెస్టుతోనూ కలవకపోతే పాత మినిటెస్ట్ 0 పరుగులు, 0 తప్పులు అని చూపించి ఊరుకుంటుంది, కాబట్టి పాతపట్నం బిల్లు టెస్ట్ నెగ్గిందని అనుకునే ముందు పరుగుల సంఖ్య 1 అని ఉందో లేదో చూసుకోండి. ఒక్కటిగా నడిపితే నెగ్గి, అందరితో కలిపి నడిపితే ఓడే టెస్ట్ ఉంటే, మినిటెస్ట్ పైన చూపించే సీడ్ సంఖ్యను `--సీడ్` అని ఇచ్చి మళ్లీ మొత్తం నడపండి. మినిటెస్ట్ ప్రతిసారీ టెస్టుల వరుసను కలగాపులగం చేస్తుంది, ఆ సంఖ్య ఇస్తే అదే వరుస మళ్లీ వస్తుంది, ఏ టెస్ట్ ముందు నడిచి దీన్ని చెడగొడుతోందో వెతకడానికి వీలవుతుంది.